రాలిపోయే కణం, పగిలిపోయే కణం



గుండె నొప్పితో చేరిన ఒక పెద్దాయన భార్య మా లాబ్ కిటికీ దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నతో ఈ నెల పాఠం మొదలుపెడుతున్నాం. "రక్తం చేతిలోంచి తీశారు గదా బాబూ, గుండెకు దెబ్బ తగిలిందని ఎట్లా తెలిసింది?" అని ఆమె అడిగారు. లోపలున్న అబ్బాయి "పరీక్షలో తెలుస్తుందమ్మా" అని ఊరుకున్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు, ఆమె వెనకాల ఇరవై మంది నిలబడి ఉన్నారు. కాని ప్రశ్న చాలా మంచిది. దానికి సరైన జవాబు చెప్పాలంటే మన శరీరంలో కణాలు ఎలా చనిపోతాయో, ఆ సమయంలో వాటి చుట్టూ ఉన్న పొరకు ఏమవుతుందో తెలుసుకోవాలి.

చనిపోవడం అనే మాట చూసి కంగారు పడకండి. ఈ పేజీ చదవడం పూర్తయ్యేలోగా మీ ఒంట్లో కోట్ల కొద్దీ కణాలు పోతాయి. 2021లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రాన్ సెండర్, రాన్ మిలో వేసిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరంలో రోజుకు సుమారు 33,000 కోట్ల కణాలు పోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం రక్తకణాలు, ఆ తర్వాత పేగు లోపలి కణాలు. ఇన్ని పోతున్నా మనకు నొప్పి లేదు, వాపు లేదు, జ్వరం లేదు. అదే కాలి వేలి మీద చిన్న రాయి పడి కొద్ది కణాలు చితికితే వేలు ఎర్రబడి, వాచి, రాత్రంతా సలుపుతుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు పొర నుంచే వచ్చింది.

పొర అంటే ఏమిటి?

పిల్లల సైన్సు పుస్తకాల్లో దీన్ని కణత్వచం అని రాస్తారు. మనం పొర అనే అనుకుందాం. ఇది ఇటుక గోడలాంటిది కాదు. చారు మీద తేలే నూనె తెట్టులాగా మెత్తగా, కదులుతూ ఉంటుంది. కొవ్వు జాతి అణువులు రెండు వరుసలుగా సర్దుకుని ఈ పొర ఏర్పడుతుంది, మధ్య మధ్య ప్రోటీన్లు గుచ్చి ఉంటాయి. మందం ఏడెనిమిది నానోమీటర్లు. అంటే ఇలాంటి పొరలు సుమారు పదివేలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక తలవెంట్రుక మందం వస్తుంది. ఇంత పలచటి పొర లోపల పొటాషియం ఎక్కువగా, బయట సోడియం ఎక్కువగా ఉండేలా రాత్రింబవళ్లు కాపాడుతుంది. దాని కోసం పొరలో పంపులు ఉన్నాయి. మోటారుకు కరెంటు కావలసినట్లే వాటికి శక్తి కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇంకొక సంగతి. పొరలోని రెండు వరుసలూ ఒకేలా ఉండవు. చొక్కాకు బయటి గుడ్డ వేరు, లోపలి లైనింగు వేరు అయినట్లే ఇక్కడా తేడా ఉంది. ఫాస్ఫటిడైల్‌సెరీన్ అనే కొవ్వు అణువు ఆరోగ్యమైన కణంలో దాదాపుగా లోపలి వరుసలోనే ఉంటుంది. పేరు పొడుగ్గా ఉంది కాబట్టి మనం "లైనింగు కొవ్వు" అని పిలుచుకుందాం. పొరపాటున ఒకటి బయటికి జారితే దాన్ని పట్టుకుని మళ్లీ లోపలికి తిప్పే ప్రోటీన్ ఒకటి పనిమీదే ఉంటుంది. అదీ శక్తి ఖర్చుపెట్టే పనే.

పండుటాకు రాలినట్లు

1972లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ అనే పత్రికలో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టర్ కరీ అనే ముగ్గురు వైద్య శాస్త్రజ్ఞులు ఒక వ్యాసం రాశారు. కెర్ ఆస్ట్రేలియా దేశస్థుడు, మిగతా ఇద్దరూ స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో ఉండేవారు. ఎలుకల కాలేయానికి వచ్చే రక్తాన్ని కొంత తగ్గించినప్పుడు కొన్ని కణాలు ఉబ్బి పగలకుండా, ముడుచుకుని చిన్న చిన్న ముక్కలై మాయమవడం కెర్ అంతకు ముందే చూశారు. దీనికి ఒక పేరు కావలసి వచ్చింది. అబర్డీన్‌లోనే గ్రీకు భాష బోధించే ప్రొఫెసర్ జేమ్స్ కార్మాక్ ఒక మాట సూచించారు. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకలు రాలడాన్ని చెప్పే పాత గ్రీకు మాట అది: అపోప్టోసిస్. అందులో రెండో 'ప' పలకనక్కర లేదని ఆ వ్యాసంలోనే రాశారు, కాని మేమందరం పలుకుతూనే ఉన్నాం.

పేరు బాగా కుదిరింది. గాలివానకు కొమ్మ విరిగితే చెట్టుకు గాయమవుతుంది. పండుటాకు రాలినప్పుడు అలా కాదు, తొడిమ దగ్గర ముందే ఏర్పాటు జరిగి ఉంటుంది. మామిడి తోటల వాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. పచ్చి కాయను కోస్తే సొన చిమ్ముతుంది, మూతికి అంటితే పొక్కుతుంది. పండి తనంతట రాలిన పండుకు ఆ బాధ చాలా తక్కువ. కణం సంగతీ అంతే. లోపలి సొన బయటికి కారిందా లేదా అన్నదే అసలు విషయం.

మనలో ప్రతి ఒక్కరం ఈ పద్ధతితో మేలు పొందినవాళ్లమే. తల్లి కడుపులో మొదట మన చేతులు బాతు కాళ్లలా ఉంటాయి, వేళ్ల మధ్య చర్మం ఉంటుంది. ఆ మధ్యలోని కణాలు క్రమంగా రాలిపోతేనే, సుమారు రెండో నెల చివరికల్లా, వేళ్లు విడివడతాయి.

పొరలో జరిగే మార్పులు

కణం ఇక పోవాలని నిర్ణయమైనప్పుడు లోపల కాస్పేజులు అనే కత్తెరలు పనిలోకి దిగుతాయి. జన్యువులు బాగు చేయలేనంతగా దెబ్బతిన్నా, పక్క కణాల నుంచి ఆజ్ఞ వచ్చినా ఇది మొదలవుతుంది. అంతవరకు అవి ఒరలోనే ఉంటాయి.

మొదట కణం పక్కవాటితో పట్టు వదులుతుంది, గుండ్రబడుతుంది. తర్వాత చిక్కిపోతుంది. పొరలోని దారులు తెరుచుకుని పొటాషియం, క్లోరైడు బయటికి పోతాయి, వాటి వెంటే నీరు పోతుంది. ద్రాక్ష కిస్‌మిస్ అయినట్లు కణం ముడుచుకుంటుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఉప్పు, నీరు పోయినా పొర తెగలేదు. లోపలి పెద్ద పెద్ద ప్రోటీన్లు లోపలే ఉన్నాయి.

ఆ తర్వాత వచ్చేది చూడడానికి చాలా వింతగా ఉంటుంది. పొర కింద సన్నని దారాల వల ఒకటి ఉంటుంది. మన కండరాలను బిగించే ఆక్టిన్, మయోసిన్ ప్రోటీన్లే ఈ వలలోనూ ఉన్నాయి. రాక్-1 అనే ఎంజైము ఈ వల బిగువును చూసుకుంటుంది. కత్తెర వచ్చి రాక్-1ను అదుపులో ఉంచే భాగాన్ని తెంపేస్తే, పగ్గం తెగిన ఎద్దులా అది ఆగకుండా పని చేస్తుంది. వల బిగుసుకుంటుంది, లోపలి ద్రవం మీద ఒత్తిడి పెరుగుతుంది, వలకూ పొరకూ పట్టు సడలిన చోటల్లా పొర బుడగలా పొంగుతుంది. గాలి బుడగను పిడికిట్లో పిసికితే వేళ్ల సందుల్లోంచి ఉబికినట్లు అనుకోండి. రాక్-1 పాత్ర 2001లో తేలింది. సూక్ష్మదర్శిని కింద తీసిన వీడియోల్లో ఈ దశలోని కణం పొయ్యి మీద ఉడికే జావలా కనిపిస్తుంది. ఒక బుడగ లేస్తుంది, అణుగుతుంది, పక్కన ఇంకొకటి లేస్తుంది. ఎన్ని బుడగలు లేచినా పొర చిరగదు.

ఇదే సమయంలో చొక్కా తిరగబడుతుంది. లైనింగు కొవ్వు బయటి వరుసకు వచ్చేస్తుంది. ఇది ఎలా జరుగుతుందో జపాన్‌లో షిగెకజు నగాటా బృందం 2013, 2014లలో వివరంగా చూపింది. బయటికి జారిన కొవ్వును లోపలికి తిప్పే ప్రోటీన్ ఉందని చెప్పాం కదా, కత్తెర దాన్ని తెంపి పనికిరాకుండా చేస్తుంది. అదే కత్తెర ఎక్స్‌కెఆర్8 అనే ఇంకో ప్రోటీన్ తోకను తెంపుతుంది. ఆ తోక తెగితేనే అది మేలుకుంటుంది, రెండు వరుసల కొవ్వులనూ అటూ ఇటూ కలిపేస్తుంది. ఒక దెబ్బకు కాపలావాడు పోయాడు, తలుపు తెరుచుకుంది.

లైనింగు కొవ్వు బయట కనిపించడం అంటే ఇంటి ముందు "ఖాళీ చేస్తున్నాం, వచ్చి తీసుకుపోండి" అని బోర్డు పెట్టడమే. భక్షక కణాలు ఆ బోర్డును గుర్తు పడతాయని 1992లో అమెరికాలో వాలెరీ ఫాడోక్, ఆమె సహచరులు చూపించారు. దూరంగా ఉన్న భక్షక కణాలను పిలవడానికి కూడా ఏర్పాటు ఉంది. పొరలోని కొన్ని దారులు తెరుచుకుని చిన్న రసాయనాలు కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. బియ్యం డబ్బా మూత తీస్తే చీమలు వెతుక్కుంటూ వచ్చినట్లు భక్షక కణాలు ఆ జాడ పట్టుకుని వస్తాయి.

చివరికి కణం మూటలుగా విడిపోతుంది. ప్రతి మూట చుట్టూ అదే పొర, మూట లోపల ముక్కలైన సామాను. భక్షక కణాలు, ఒక్కోసారి పక్కింటి మామూలు కణాలు కూడా, ఈ మూటలను మింగి అరిగించుకుంటాయి. అంతేకాదు, ఇలాంటి మూటను మింగిన భక్షక కణం మంటను తగ్గించే రసాయనాలు విడుదల చేస్తుంది. ఇదంతా గంటల్లో ముగిసిపోతుంది, జాడ మిగలదు. అందుకే ఇంత పెద్ద ఎత్తున జరిగే పని వైద్యుల కంటికి అంతకాలం సరిగా ఆనలేదు.

పరిశోధన లాబుల్లో ఈ దశను పట్టుకునే పరీక్ష ఉంది. లైనింగు కొవ్వుకు అంటుకునే అనెక్సిన్-వి అనే ప్రోటీన్‌కు పచ్చగా మెరిసే రంగు తగిలించి కణాలకు కలుపుతారు. పొర చిరిగితే తప్ప లోపలికి పోలేని ఎర్ర రంగు ఒకటి కూడా వేస్తారు. పచ్చ మాత్రమే కనిపిస్తే కణం పద్ధతిగా సర్దుకుంటోందని, రెండూ కనిపిస్తే పొర అప్పటికే తెగిందని అర్థం.

పొర పగిలితే

ఇప్పుడు ఆ పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం.

పద్ధతిగా పోవడానికి కణానికి శక్తి కావాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కూడా బండి కిరాయి చేతిలో ఉండాలి కదా. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఆ వైపు కండరానికి ఆక్సిజన్ అందదు, శక్తి తయారీ పడిపోతుంది. పొరలోని పంపులు ఆగిపోతాయి. సోడియం లోపలికి వచ్చేస్తుంది, దాని వెంట నీరు వస్తుంది. కణం ముడుచుకోవడానికి బదులు ఉబ్బుతుంది, చివరికి పొర పగులుతుంది. లోపల ఉండవలసినదంతా బయటికి కారి రక్తంలో కలుస్తుంది. గుండె కండరంలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్ ఉంది. గుండె కణాల్లో ఉండే రకం ప్రత్యేకమైనది. అది చేతి రక్తంలో ఉండవలసిన దానికన్నా ఎక్కువగా కనిపించి, గంటల తేడాతో పెరుగుతూ ఉంటే గుండెలో కణాల పొరలు దెబ్బతింటున్నాయన్న మాట. అమ్మా, మా లాబ్ అబ్బాయి మీ ఆయన చేతి రక్తంలో చూసింది గుండె కార్చిన సొననే.

పొర పగలడం అంటే నీరు నిండి బెలూన్ పేలినట్లు ఊరికే జరిగిపోతుందని చాలాకాలం అనుకున్నాం. 2021లో అమెరికాలోని జెనెన్‌టెక్ సంస్థ శాస్త్రజ్ఞులు నింజ్-1 అనే చిన్న ప్రోటీన్ సంగతి బయటపెట్టారు. చావు దశలో ఇవి పొరలో ఒకదానికొకటి జతగూడి పొరను తెంచుతాయి. అపోప్టోసిస్‌లో మూటలు కట్టిన కణాలను కూడా ఎవరూ వచ్చి తీసుకుపోకపోతే, కొంతసేపటికి వాటి పొరా ఇలాగే తెగుతుంది. మున్సిపాలిటీ బండి రాకపోతే చెత్త సంచి వీధిలో చినిగినట్లు.

ఇక్కడ మేము గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పొర తెగి ట్రోపోనిన్ రక్తంలో తెలిసేంతగా పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. నొప్పి మొదలైన వెంటనే తీసిన రక్తంలో అది మామూలుగానే ఉండవచ్చు. అందుకే డాక్టరు కొన్ని గంటల తర్వాత రెండోసారి రక్తం తీయమంటారు. "మొదటి రిపోర్టు బాగుంది కదా, మళ్లీ ఎందుకు, డబ్బు కోసమే" అని రోగిని ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టే కుటుంబాలను మేము చూస్తూనే ఉన్నాం. ఆ రెండో పరీక్షను దయచేసి వద్దనకండి. అసలు అంతకన్నా ముందు, ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. రక్తం పూర్తిగా ఆగిన గుండె కండరంలో సుమారు 20 నిమిషాలు దాటేసరికి తిరిగిరాని నష్టం మొదలవుతుంది, తర్వాత గంట గంటకూ ఆ నష్టం లోపలి నుంచి బయటికి పాకుతుంది. దారి తొందరగా తెరిస్తే పంపులు మళ్లీ నడుస్తాయి, పొర నిలుస్తుంది.

క్యాన్సర్ వార్డులో సెలైన్ ఎందుకు?

రక్త క్యాన్సర్‌కు, లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు ఇచ్చే మందులు చాలావరకు కణాన్ని అపోప్టోసిస్ వైపు నెట్టేవే. పిల్లల రక్త క్యాన్సర్‌లో వాడే స్టెరాయిడ్ మాత్రలూ ఆ పనే చేస్తాయి. చెడ్డ కణాలు మూటలు కట్టుకుని పోవడం మంచిదే. కాని గడ్డ పెద్దదై, మందు బాగా పనిచేసి, లక్షల కోట్ల కణాలు రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా పోతే వాటిని ఎత్తే భక్షక కణాలు చాలవు. పొరలు తెగి పొటాషియం, ఫాస్ఫేటు రక్తంలోకి వస్తాయి. జన్యు పదార్థం విరిగి యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, యూరిక్ యాసిడ్ మూత్రపిండాల్లో పేరుకుంటుంది. అందుకే వైద్యం మొదలుపెట్టే ముందే సెలైన్ ఎక్కించడం, అల్లోప్యూరినాల్ మాత్రలు ఇవ్వడం, కొన్ని గంటలకొకసారి రక్తం తీయడం, మూత్రం కొలవడం జరుగుతుంది.

మన ఊళ్లలో సెలైన్ అంటే బలానికి పెట్టించుకునేది అన్న నమ్మకం బాగా ఉంది. "ఇప్పటికే బలంగా ఉన్నాడు, ఇన్ని బాటిళ్లు ఎందుకు" అని ఒక తండ్రి మమ్మల్ని అడిగాడు. ఆ బాటిళ్లు కుర్రవాడి బలం కోసం పెట్టినవి కావు, పగిలిన కణాల సొనను కడిగి పంపడానికి పెట్టినవి. మూత్రం కొలిచే డబ్బా నర్సుకు చూపించకుండా పారబోయవద్దని చెప్పేదీ ఇందుకే.

ఎండ పడని అమ్మాయి

చివరగా లూపస్ గురించి. ఈ జబ్బు ఎక్కువగా యుక్తవయసు స్త్రీలకు వస్తుంది. ముక్కుకు రెండు వైపులా బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ, కీళ్ల నొప్పులు, జ్వరం, కొందరిలో మూత్రపిండాల దెబ్బ ఉంటాయి. తన కణాల కేంద్రకంలోని వస్తువుల మీదే శరీరం యుద్ధం ప్రకటించడం ఈ జబ్బు స్వభావం. కేంద్రకం ఎక్కడో లోపల ఉంటుంది కదా, వ్యాధి నిరోధక శక్తికి అది ఎలా కనపడింది?

1994లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో లివియా కాసియోలా-రోజెన్ బృందం చర్మ కణాల మీద అతినీలలోహిత కిరణాలు పంపి చూసింది. కణాలు అపోప్టోసిస్‌లోకి వెళ్లాయి, పొర మీద బుడగలు లేచాయి. లూపస్ రోగుల శరీరం దేని మీద పోరాడుతుందో ఆ కేంద్రకపు వస్తువులు సరిగ్గా ఆ బుడగల్లోనే పోగుపడి కనిపించాయి. లోపలి సామాను వీధి అరుగు మీదికి వచ్చినట్లయింది. పైగా లూపస్ ఉన్న కొందరిలో భక్షక కణాలు ఈ మూటలను ఎత్తడంలో ఆలస్యం చేస్తాయని 1990ల నుంచి వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. మామూలు మనిషికి ఎండలో రాలిన చర్మ కణాలను ఎవరూ గమనించరు. ఈ రోగికి అవే మచ్చ ఎర్రబడడానికి, ఒక్కోసారి జబ్బు మొత్తం తిరగబెట్టడానికి కారణమవుతాయి.

కాబట్టి లూపస్ ఉన్నవారికి డాక్టరు గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు, చర్మానికి సన్‌స్క్రీన్ రాస్తే వాటిని మందులతో సమానంగా చూడాలి. మబ్బు పట్టిన రోజున కూడా ఆ కిరణాలు చాలావరకు కిందికి వస్తాయి. మచ్చ తగ్గింది కదా అని మాత్రలు సొంతంగా ఆపవద్దు. ఆదివారం ఆరాధనకు మబ్బు రోజున గొడుగు వేసుకుని వచ్చే అమ్మాయిని "నల్లబడతానని భయమా" అని ఆటపట్టించేవారు మన సంఘాల్లో ఉన్నారు. ఆమె ఎందుకు వేసుకుంటుందో ఈ పాఠం చదివినవాళ్లు వారికి చెప్పండి.